ఘోరం అంటే కొండ

నా కాలి నొప్పి గురించి డాక్టరు దగ్గర చాలాసేపు చెప్పాను. ఎక్కడ మొదలవుతుందో, ఏ వేళకి ఎక్కువవుతుందో, చలిగాలికి పిక్కలో నరం ఎలా పట్టేస్తుందో, పీట మీంచి లేచేటప్పుడు లోపల ఎండుపుల్ల విరిగినట్టు ఎలా చప్పుడవుతుందో, ఒక్కటీ వదలకుండా చెప్పాను. నా మాటలు ఆయనకి ఇంగ్లీషులో చెప్పడానికి మనవరాల్ని వెంట తీసుకెళ్ళాను. యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల. అంతా శ్రద్ధగానే విన్నది. విని, డాక్టరు వైపు తిరిగి, "లెగ్ పెయిన్" అంది.

ఆయన తలూపి మాత్రలు రాశాడు.

ఇంటికి వచ్చేదాకా నేను దానితో మాట్లాడలేదు. వచ్చాక కూడా మాట్లాడలేదు. మా ఇంట్లో నా అంత పొదుపు మనిషి ఇంకొకరు లేరు, ఆ సంగతి నా కొడుకూ కోడలూ కూడా ఒప్పుకుంటారు. అయినా నా నొప్పిని రెండు ముక్కలకి కుదించమని దానికెవరు చెప్పారు? ఇక లాభం లేదు, నా నొప్పి నేనే చెప్పుకోవాలి అనుకున్నాను.

ఎడ్మండ్‌సన్ పార్కు అని మేముండే పేట, అందులో మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక హాలుంది. అందులో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు ఉచితంగా నేర్పుతారని పక్కింటావిడ చెప్పింది. ఉచితం అన్న మాట విన్నాక ఇంకేమీ అడగలేదు, వెళ్ళి చేరాను. అలా ముసలితనంలో నాకు విద్యార్థి జీవితం మొదలైంది. మాది కృష్ణ కాలవల కింద పల్లపు ఊరు. అక్కడి మిషను బడిలో మూడో తరగతి సగంలో ఉండగా మా అమ్మకి కాన్పయింది, పసివాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావలసి నన్ను మాన్పించారు. ఆ తర్వాత తెలుగు చదవడం, రాయడం మా చర్చిలో ఆదివారం బడి వల్ల ఒంటబట్టింది. మిగతా సగం మూడో తరగతి ఆస్ట్రేలియాలో పూర్తి చేద్దామనుకున్నాను.

క్లాసులో నా పక్క కుర్చీలో ఒక పొడుగాటి తెల్లావిడ కూర్చునేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. వాళ్ళాయన ఈ దేశంలో మంచుకొండల్లో సొరంగాలు తవ్వే పనికి వస్తే, కొత్త పెళ్ళికూతురుగా ఓడెక్కి వచ్చిందట. అన్నేళ్ళూ ఇంగ్లీషు మాట్లాడే పని ఆయనే చూసుకున్నాడు. ఆయన పోయాక చూసుకుంటే ఇంట్లో ఇంగ్లీషు మిగల్లేదు. అందుకని ఆవిడా బడికి వచ్చింది. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేది, అదీ మాటకారి కాని మనిషికి.

మాకు స్నేహం కుదిరింది మాటల వల్ల కాదు, బిస్కట్ల వల్ల. మధ్యలో టీ ఇచ్చేవాళ్ళు, పళ్ళెంలో బిస్కట్లు పెట్టేవాళ్ళు. అందరూ తినేవాళ్ళు. నేను ఒకటి తిని ఒకటి కాగితపు రుమాల్లో చుట్టి సంచిలో వేసుకునేదాన్ని. ఒకరోజు తల తిప్పి చూస్తే ఆవిడా అదే పనిలో ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను నవ్వే మనిషిని కాను, ఆవిడా కాదు. ఆవిడ సంచిలోంచి రొట్టె ప్లాస్టిక్ కవరొకటి తీసింది. కడిగి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టిన కవరు. అప్పుడు నేను నా సంచిలోంచి పాల కవరు తీసి చూపించాను. నాదీ కడిగిందే. ఇక పరిచయాలు అక్కర్లేదు.

పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు, పైగా పెద్దావిడ. "అక్కగారూ" అన్నాను. అది ఏదో దండం లాంటి మాట అనుకుని ఆవిడ నన్నూ "అకగారూ" అంది. అది మొదలు ఆవిడకి నేను అక్కగారిని, నాకు ఆవిడ అక్కగారు. చెల్లెలు అన్నది మా మధ్య లేకుండా పోయింది.

టర్ము చివర్లో టీచరమ్మ ఒక పని పెట్టింది. మా టీచరమ్మ మనవరాలి కంటే కాస్త పెద్దదేమో, చాలా మంచి పిల్ల, మేం తప్పు మాట్లాడితే ఆవిడే "సారీ" అనేది. ప్రతి ఒక్కరూ తమ పక్కవాళ్ళ దేశం గురించి అందరి ముందూ నిలబడి చెప్పాలి. కొండలు, నదులు, అక్కడ జనం ఆరుబయట ఏం చేస్తారు, అవీ ఇవీ. బాగా చెప్పినవాళ్ళు పై క్లాసుకి వెళ్తారు.

అక్కగారి దేశం స్లొవేనియా. నేను ఇంటికి వెళ్ళి చెప్తే మా అబ్బాయి, "స్లొవేకియానా అమ్మా?" అన్నాడు. మనవరాలూ అదే అడిగింది. మర్నాడు ఈ సంగతి చెప్పేసరికి అక్కగారి ముఖం ముడుచుకుపోయింది. ఈ దేశానికి వచ్చినప్పట్నుంచీ అందరూ అంతేనట. ఆస్పత్రిలో, బ్యాంకులో, చివరికి వాళ్ళాయన సమాధి దగ్గర మాట్లాడిన పెద్దమనిషి కూడా ఆ ఇంకో దేశం పేరే చెప్పాడట. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మాటలు వెతుక్కుంటూ, టర్ము అయ్యాక తన మోకాళ్ళకి ఆపరేషనని, తర్వాత పెర్త్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పింది. వెళ్ళేలోపు ఒక్కసారి, పరాయి మనిషి ఒకరు, అందరి ముందూ నిలబడి తన దేశం గురించి సరిగ్గా చెప్తే కూర్చుని వినాలని ఉందంది. నేను చెప్తానన్నాను. మాట ఇచ్చాక తప్పే అలవాటు మా వంశంలో లేదు.

ఇక ఆవిడ పాఠం మొదలుపెట్టింది. చిన్న దేశమట. మా కృష్ణా, గుంటూరు జిల్లాలు పక్కపక్కన పరిస్తే దానికి సరిపోతాయి. అంతవరకు బాగానే అర్థమైంది. తర్వాత ఆవిడ కళ్ళు మెరిపిస్తూ, మా దేశం నిండా "గోర" అంది.

"ఘోరమా?" అన్నాను.

"గోర, గోర. ఎవ్రీవేర్. వెరీ బ్యూటిఫుల్."

ఘోరంలో అందమేమిటో నాకు బోధపడలేదు. ఏ యుద్ధం గురించో చెప్తోందనుకుని జాలిపడ్డాను. ఇంకా పెద్ద గోర ఒకటుందట, దానికి మూడు తలలట. మూడు తలల ఘోరం. పిల్లలతో సహా కుటుంబాలకి కుటుంబాలు ఆదివారం దాని దగ్గరికి వెళ్తారట. 

అది జీర్ణం కాకముందే, పెళ్ళయిన కొత్తలో మా ఆయనా నేనూ యమ చూడ్డానికి వెళ్ళాం అంది. మేం చర్చికి పోయేవాళ్ళమే అయినా యముడెవరో ఎరగని తెలుగువాళ్ళుండరు. భర్త పోయిన మనిషి. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, ఆయన అక్కడే ఉండిపోయాడు, మీరు తిరిగొచ్చారు, దేవుడి చిత్తం అన్నట్టుగా ఓదార్చాను. ఆవిడ అయోమయంగా చూసి, యమ లోపలికి చిన్న రైలు కూడా ఉంది అంది. మా వైపు దున్నపోతు మీద వస్తాడంటారు, వాళ్ళ వైపు రైలు వేశారు కాబోలు, అభివృద్ధి చెందిన దేశం అనుకున్నాను.

అప్పుడు ఆవిడ, "స్లాప్ ఆల్సో. మెనీ స్లాప్. బిగ్ స్లాప్" అంది. స్లాప్ అంటే చెంపదెబ్బ అని ఆ వారమే నేర్చుకున్నాను. ఇక నాకు ఓపిక పోయింది. ఘోరాలు, యముడు, చెంపదెబ్బలు. ఇలాంటి దేశం గురించి నలుగురి ముందు ఏం చెప్పను?

పెన్సిలు ఆవిడ చేతికిచ్చి బొమ్మ వెయ్యమన్నాను. గోర అంటే కొండ. యమ అంటే గుహ. స్లాప్ అంటే జలపాతం. వాళ్ళ భాషలో అంతేనట. నేను చాలాసేపు ఆ బొమ్మ వంక చూశాను. ఓదార్పు అంతా వృథా పోయిందే అని కొంచెం బాధ కలిగింది.

ఆ దేశంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆ రైలు వెళ్ళే గుహలో, నీళ్ళలో, ఒక జీవి ఉంటుందట. తెల్లగా, కళ్ళు లేకుండా, బల్లిలా ఉండి, వాళ్ళు దాన్ని మనిషిచేప అంటారట. ఏళ్ళ తరబడి ఏమీ తినకుండా బతుకుతుందట. ఒకసారి తింటే మళ్ళీ ఎప్పటికో గాని ఆకలి అనదు. అంత పొదుపైన జీవి గురించి నేనెక్కడా వినలేదు. ఇంటికి వెళ్ళి మనవరాలికి చెప్పాను, చూసి నేర్చుకోమని. అది చేతిలో చిప్స్ పాకెట్టు దాచుకుంది.

అంతా అర్థమైంది కానీ ఒక చిక్కు వచ్చింది. నేను చూడనిదాన్ని చూసినట్టు చెప్పలేను. కొండ అంటే నాకేం తెలుసు? మా ఊళ్ళో ఎత్తంటే కాలవ గట్టు. ఈ మాటే అక్కగారితో అన్నాను. ఆవిడ ఆలోచించి, నా దేశం నీకు చూపించలేను గాని, గోర, యమ, స్లాప్ మూడూ ఉన్న చోటు ఇక్కడే ఒకటి తెలుసు, మా ఆయనతో వెళ్ళేదాన్ని అంది. హెలెన్స్‌బర్గ్ దాటాక అడవిలో కాలిబాట.

కారు తోలమని మనవరాల్ని అడిగాను. డాక్టరు దగ్గర జరిగిందానికి ఇది చెల్లు అన్నాను. దానికి అసైన్‌మెంట్ ఉందంది. ఉంటే ఉండనీ, కొండ మీద రాసుకో అన్నాను. శనివారం పొద్దున్న కారెక్కుతుంటే పక్కింటావిడ, "వెంకటేశ్వరస్వామి గుడికా ఆంటీ?" అని అడిగింది. మా పేటలో ఎవరు హెలెన్స్‌బర్గ్ వైపు వెళ్ళినా గుడికే వెళ్తారు. ఆవిడకి మేం చర్చివాళ్ళమని గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. కొండెక్కడానికి అన్నాను. నా చీర వంకా, కాళ్ళ వంకా చూసి ఇంకేమీ అడగలేదు.

కాళ్ళకి బూట్లు కొంటానని అబ్బాయి అన్నాడు. ఒక్కరోజుకి బూట్లెందుకు? మనవరాలు హైస్కూలు అయిపోయాక పారేయబోతే నేను దాచిన నల్లబూట్లున్నాయి, కొంచెం వదులైతే ముందు గుడ్డపీలికలు కూరాను. చేతికి మాపుకర్ర. కుచ్చెళ్ళు పైకెత్తి బొడ్లో దోపాను. అక్కగారు వాళ్ళాయన టోపీ పెట్టుకుని, భుజానికి సంచి, సంచిలోంచి వేలాడుతూ బట్టలారేసుకునే తాడు. తాడెందుకని అడిగితే, పైన చెప్తాను అంది. ఎక్కడానికేమో అనుకున్నాను. మమ్మల్నిద్దర్నీ చూసి మనవరాలు, "నానమ్మా, మనం ఎవరికీ కనబడకుండా వెళ్దాం, ప్లీజ్" అంది.

అడవి అంటే పులులుంటాయేమో అనుకున్నాను. తీరా చూస్తే మా వైపు కాగితం మిల్లు కోసం పెంచే జామాయిల్ చెట్లకి తాతముత్తాతలు. బెరడు పేలికలు పేలికలుగా ఊడి వేలాడుతోంది. పొయ్యిలోకి ఎంత బాగుంటుంది, అలా నేలపాలు చేస్తున్నారు. కొన్ని చెట్లు బెరడంతా వదిలేసి గులాబీ రంగు ఒంటితో నిలబడ్డాయి. తెల్ల చిలకలు పెద్దగా అరుస్తూ ఎగిరాయి. వాన పడి వెలిసింది, ఆకుల నుంచి మందుల షాపు వాసన.

స్లాప్ ముందు వచ్చింది. రాళ్ళ మీంచి జారే సన్నటి ధార. అక్కగారు సిగ్గుపడి, మా దేశంలో ఇలా ఉండదు, చాలా పెద్దది, ఆకాశం నుంచి పడుతుంది అని చేతులు చాపింది. ఉన్నదాన్ని చిన్నబుచ్చకూడదు. నేను దోసిలి పెట్టి ముఖం కడుక్కున్నాను. ఎంత చల్లగా ఉందంటే నిజంగానే చెంప మీద కొట్టినట్టయింది. పేరు సరిగ్గానే పెట్టారు.

అక్కడే మనవరాలు కెవ్వుమంది. చీలమండ మీద జలగ. అది ఒంటికాలి మీద గెంతుతూ, "నానమ్మా, గెట్ ఇట్ ఆఫ్, గెట్ ఇట్ ఆఫ్" అంటోంది. నా సంచిలో చిప్స్ కొట్లో ఇచ్చిన ఉప్పు పొట్లాలు ఎప్పుడూ ఉంటాయి. అలాంటివి ఏరి దాచుకుంటానని మా ఇంట్లో నన్నెంత ఎగతాళి చేశారో నాకు గుర్తుంది. ఒక పొట్లం చింపి చల్లాను. జలగ రాలిపోయింది. మిగిలిన ఉప్పు మడిచి మళ్ళీ సంచిలో పెట్టాను. మనవరాలు ఇంటికి వచ్చేదాకా నా సంచి గురించి ఒక్కమాట అనలేదు.

యమ అంటే పెద్ద బండ కింద దొలిచినట్టున్న చోటు. రైలు లేదు, మనిషిచేప లేదు. వంగి లోపలికి వెళ్ళి కూర్చుని భోంచేశాం. నేను పులిహోర తెచ్చాను, ఆవిడ రొట్టె, తేనె. వాళ్ళ దేశంలో తేనెటీగల పెట్టెలకి కూడా ముందు పలక మీద రంగుల బొమ్మలు వేస్తారట, ఏ ఈగ ఇల్లు దానికి తెలియాలని. పులిహోరలో మిరపకాయ కొరికి ఆవిడ, "గోర" అంది. ఈసారి తెలుగులోనే అన్నదేమో.

చివరిది గోర. పెద్ద కొండేం కాదు, కానీ ఆఖర్న బండలు నిట్టనిలువుగా ఉన్నాయి. ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు, నా పిక్క పట్టేసింది. మనవరాలు ముందెక్కి తాడు ఒక చివర చెట్టుకి చుట్టి పట్టుకుంది. రెండో చివర పట్టుకుని ఆవిడ, ఆవిడ నడుం వెనక మాపుకర్ర ఆన్చి తోస్తూ నేను. మా వెనక నుంచి ఇద్దరు కుర్రాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి మమ్మల్ని దాటి, తిరిగి చూసి, ఏదో మెచ్చుకుని పోయారు. మనవరాలు చెట్టు వెనక్కి తప్పుకుంది.

పైకి చేరాం. ఒకపక్క అడవి ముడతలు ముడతలుగా, ఇంకోపక్క సముద్రం. నేను పుట్టిన ఊళ్ళో ఎటు చూసినా నా కళ్ళంత ఎత్తులోనే లోకం ఉండేది. లోకాన్ని పైనుంచి చూడటం అదే మొదటిసారి. విమానంలోంచి చూడలేదా అంటే, చూడలేదు. కిటికీ సీటు మనవరాలు తీసుకుంది.

"తిరగండి అకగారూ" అని చేత్తో సైగ చేసింది ఆవిడ. తిరిగాను. వెనక నుంచి తాడుతో ఒక్కటిచ్చింది.

చివరిసారి నన్ను కొట్టింది మూడో తరగతి పంతులుగారు. నేను మాపుకర్ర ఎత్తాను. ఆవిడ గాభరాగా చేతులూపుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళ దేశంలో మూడు తలల కొండ మొదటిసారి ఎక్కినవాళ్ళని శిఖరం మీద తాడుతో కొడతారట. అది ఆచారం. ఆ దెబ్బలు తిన్నాకే ఆ దేశపు మనిషి కింద లెక్క. ఆచారం అన్నాక కాదనకూడదు. మిగతావి కూడా కొట్టమని మళ్ళీ తిరిగి నిలబడ్డాను. మొత్తం మూడు. తలకొకటి.

"మరి మిమ్మల్నెవరు కొట్టారు?" అన్నాను.

ఆవిడ తాడు చుట్టుకుంటూ చెప్పింది. ఎవరూ కొట్టలేదు. ఎక్కుదామనుకున్న ఏడు పెళ్ళి, పెళ్ళి కాగానే ఓడ. తర్వాత పిల్లలు, పని. ఇప్పుడీ మోకాళ్ళు. తన దేశం గురించి ఇంత చెప్పే మనిషి ఆ దేశపు దెబ్బలు తినలేదన్నమాట.

నేను తాడు అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇది చిన్న గోర, దీనికి చెల్లదంది.

"చెల్లుతుంది అక్కగారూ. తిరగండి." ఇది తెలుగులోనే అన్నాను. ఆవిడకి అర్థమైంది. టోపీ తీసి, సముద్రం వైపు తిరిగి నిటారుగా నిలబడింది. మూడు కొట్టాను. మెల్లగా ఏం కొట్టలేదు, మెల్లగా కొడితే అది ఆచారం ఎలా అవుతుంది? ఆవిడ చాలాసేపటిదాకా ఇటు తిరగలేదు. మనవరాలు ఫోను దించి, "ఓకే, దట్ వాజ్ వియర్డ్" అని, ముక్కు తుడుచుకుంది.

సోమవారం క్లాసులో వారాంతం ఏం చేశారో చెప్పమంది టీచరమ్మ. నాకు ఉత్సాహం ఆగలేదు, మొదట నేనే లేచాను.

"శాటర్‌డే. అక్కగారు గివ్ మీ స్లాప్. వెరీ కోల్డ్ స్లాప్. దెన్ యమ, డార్క్. దెన్ షీ బీట్ మీ, రోప్. త్రీ టైమ్స్. దెన్ ఐ బీట్. వెరీ హ్యాపీ."

తప్పుల్లేకుండా చెప్పాననే అనుకున్నాను. క్లాసంతా టీచరమ్మ వంక చూసింది. అక్కగారు గర్వంగా తలూపి, సంచిలోంచి తాడు తీసి అందరికీ చూపించింది.

టీచరమ్మ నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, తన చేత్తో టీ కలిపి ఇచ్చి, చాలా మెత్తగా, నాకు భయంగా ఉందా అని అడిగింది. లేదన్నాను. ఇంట్లో కూడా ఎవరైనా కొడతారా అంది. ఇంట్లో నేనే కొడతాను అన్నాను, చిన్నప్పుడు పిల్లల్ని అన్న ఉద్దేశంతో. ఆవిడ ముఖం ఇంకా పాలిపోయింది. తిరిగి వచ్చేసరికి అక్కగారి కుర్చీ కిటికీ దగ్గరికి మారిపోయింది. వచ్చే వారం నేను నా దేశం గురించే చెప్తే చాలని, అక్కగారి దేశం ఇంకెవరికైనా ఇస్తానని చెప్పింది. కిటికీ దగ్గర్నుంచి అక్కగారు నా వంక చూసింది. ఆవిడకి తప్పేమిటో తెలియలేదు, తన దేశం చేజారిపోయిందని మాత్రం తెలిసింది.

సాయంత్రం టీచరమ్మ ఇంటికి ఫోను చేస్తే మనవరాలు తీసింది. అది నవ్వలేక, నవ్వాపుకోలేక, సోఫా మీద దొర్లింది. అయినా మంచిపిల్లే, ఈమెయిల్ రాసి అంతా ఎక్స్‌ప్లెయిన్ చేస్తాలే నానమ్మా అంది.

వద్దన్నాను. ఈ బడికి నేను వెళ్ళిందే నా సంగతి నేను చెప్పుకోవడానికి. మళ్ళీ దాని చేతికిస్తే ఈసారి ఏ రెండు ముక్కల్లో తేలుస్తుందో.

ఆ వారమంతా వంట చేస్తూ, అంట్లు తోముతూ ఒక్క పేరే పలికాను. స్లొవేనియా. నాలిక తిరక్క కాదు, ఆ ఇంకో పేరు పొరపాటున వస్తుందని భయం. మా అబ్బాయి భోజనం దగ్గర ఆటపట్టించడానికి ఆ రెండో పేరు అంటే, ఆ పూట పెరుగు వెయ్యలేదు.

నా వంతు వచ్చింది. టీచరమ్మ నవ్వుతూ, "ఇండియా?" అంది.

"స్లొవేనియా" అన్నాను.

ఆవిడ ఏదో అనబోయేలోపు బోర్డు దగ్గరికి వెళ్ళి మూడు తలల కొండ గీశాను. కింద గోర అని రాసి, మౌంటెన్ అన్నాను. నీళ్ళ ధార గీసి, స్లాప్, వాటర్ ఫాల్ అన్నాను. గుహ గీసి, లోపల రైలు గీసి, రైలు కింద మనిషిచేప గీశాను. అది కొంచెం వంకాయలా వచ్చింది. అది ఏళ్ళ తరబడి తినదని, మనం దాన్ని చూసి నేర్చుకోవాలని చెప్పాను. ఆఖర్న కొండ మీద ఇద్దరు మనుషుల్ని గీసి, ఒకళ్ళ చేతిలో తాడు పెట్టి, కొండెక్కితే తాడు, అప్పుడే స్లొవేనియా మనిషి అని చెప్పాను. మా ఇద్దరి వైపూ వేలు చూపించాను.

టీచరమ్మ రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. భుజాలు ఊగుతున్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు, తర్వాత నవ్వే అని తేలింది. వెనక వరసలో ఒకాయన చెయ్యెత్తి, ఆ దేశం స్లొవేకియా పక్కనేనా అని అడిగాడు.

"నో" అన్నాను. "యూ లిజన్ నాట్." ఆయన చెయ్యి దించేశాడు.

అక్కగారు చప్పట్లు కొట్టలేదు. కళ్ళు తుడుచుకోలేదు. సంచిలోంచి కాగితపు రుమాలు తీసి, ఆరోజు దాచిన బిస్కట్టు విప్పి, అందరి ముందూ మెల్లగా తినేసింది. దాని కింద ఇంకోటి ఉంటే అదీ తినేసింది. దాచిన బిస్కట్టు ఆవిడ అక్కడికక్కడ తినడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ఎంత సంతోషపడిందో నాకు తెలిసిపోయింది.

ఆవిడ వంతు వచ్చినప్పుడు లేచి, మోకాళ్ళు పట్టుకుని నిలబడి, మా ఊరి గురించి చెప్పింది. ఫ్లాట్ అంది. అరచెయ్యి చాపి చూపించింది. నో గోర. కాలవలు, వరి. అన్నం చాలా కారం. తర్వాత వెనక వరస ఆయన వంక కఠినంగా చూసి, "నాట్ హిందీ. తెలుగు" అంది. తెలుగులో లు కొంచెం సాగింది, అంతే. ఈ దేశం వచ్చినప్పట్నుంచీ నేను ఎంతమందికి చెప్పానో ఆ మాట. మా ఇద్దరికీ పై క్లాసుకి వెళ్ళొచ్చని టీచరమ్మ చెప్పింది.

అక్కగారు పై క్లాసుకి రాలేదు. ఆపరేషనయ్యాక కూతురు పెర్త్ తీసుకెళ్ళింది. వెళ్ళేముందు తాడు నాకిచ్చి, మోకాళ్ళు బాగుపడ్డాక వచ్చి తీసుకుంటానంది. ఫోను చేసినప్పుడల్లా ముందు తాడెలా ఉందని అడుగుతుంది, తర్వాతే నేనెలా ఉన్నానని. బాగానే ఉందంటాను. ఊరికే ఉంచితే పురుగు పడుతుందని పెరట్లో కట్టి బట్టలారేస్తున్నానని మాత్రం ఇంకా చెప్పలేదు.